బారోనెట్ రాల్ఫ్ వెర్నీ: మనస్సాక్షి కోసం దేశం విడిచాడా, ఇంటిని గాలికి వదిలేశాడా?

థేమ్స్_తీరం
నేనుండేది ఇంగ్లండ్‌లో, ఐల్స్‌బరీ దగ్గర. ఇక్కడికి దగ్గర్లోనే క్లేడన్ హౌస్ అని వెర్నీల ఇల్లు ఉంది. ఇప్పుడున్న కట్టడం 18వ శతాబ్దానిది. కానీ ఆ కుటుంబం 17వ శతాబ్దంలో ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, ముప్ఫై వేలకు పైగా, ఆ వంశం భద్రంగా దాచుకుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్క పార్థెనోపీ ఆ ఇంటికి కోడలిగా వచ్చి, వాటిని చదివి కుటుంబ చరిత్రగా కూర్చడం మొదలుపెట్టింది.

చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను. సర్ రాల్ఫ్ వెర్నీ (1613–1696) గురించి. 1642లో రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. రాల్ఫ్ తండ్రి సర్ ఎడ్మండ్ రాజుగారి జెండా మోసే మనిషి. ఆయన మనసు పూర్తిగా రాజు వాదంతో లేదు. అయినా ముప్ఫై ఏళ్లు ఆయన ఉప్పు తిని ఇప్పుడు వదిలెయ్యడం నీచమని మిత్రుడు ఎడ్వర్డ్ హైడ్‌తో చెప్పి వెళ్లాడు. అక్టోబర్ 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. కొడుకు రాల్ఫ్ ఏమో ఐల్స్‌బరీ ఎంపీ, పార్లమెంటు పక్షం. తమ్ముడు మన్ (ఇతని పేరూ ఎడ్మండే) రాజు సైన్యంలో.

మరుసటేడు పార్లమెంటు స్కాట్లండ్ వాళ్ల సైన్యం కోసం వాళ్లతో ఒప్పందం చేసుకుంది. చర్చిని వాళ్ల పద్ధతిలో మారుస్తామని సభ్యులంతా ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. రాల్ఫ్ పెట్టలేదు. అలాగని రాజు దగ్గరికీ పోలేదు. భార్యతో, ఇద్దరు పిల్లలతో ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. 1645లో సభ్యత్వం తీసేశారు, తర్వాత ఆస్తి మీద జప్తు పడింది. పదేళ్లు పరాయి దేశంలో ఉండి 1653లో తిరిగొచ్చాడు.

ఆ యుద్ధంలో రెండు పక్షాల వీరుల్నీ పొగుడుతారు. నా దృష్టిలో, నమ్మనిదాని కింద పేరు రాయనన్న ఈ ఒక్కడే అందరికంటే నిజాయితీపరుడు. మీరేమంటారు?

గోదారి_లంక
ఇలాంటివి ఇంకా రాయండి. ఆ ఇంట్లోకి మామూలు జనాన్ని వెళ్లనిస్తారా?

థేమ్స్_తీరం
వెళ్లనిస్తారండీ, ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. పక్కనే మిడిల్ క్లేడన్ చర్చి ఉంది. అందులో రాల్ఫ్ తన తల్లిదండ్రులకూ భార్యకూ కట్టించిన పాలరాతి స్మారకం తప్పక చూడాల్సింది.

నల్లకోటు
ముందు శీర్షిక సరిచేయండి. 1643లో దేశం విడిచినప్పుడు రాల్ఫ్ బారోనెట్ కాడు. 1641లో వచ్చింది నైట్ హోదా. బారోనెట్‌ని చేసింది 1661లో, రెండో చార్లెస్. రెంటికీ ముందు ‘సర్’ అనే ఉంటుంది కాబట్టి అందరూ కలిపేస్తుంటారు. నైట్ హోదా మనిషితో పోతుంది, బారోనెట్ పెద్దకొడుక్కి దిగుతుంది. అయినా ప్రభువుల సభలో కుర్చీ రాదు.

ఈ బిరుదు పుట్టిందే డబ్బు కోసం. 1611లో మొదటి జేమ్స్ పెట్టాడు. మన మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ తెరిచిన ఏడాదే అది. ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో ముప్ఫై మంది సైనికులకు రోజుకు 8 పెన్నీల చొప్పున మూడేళ్ల జీతం, మొత్తం 1,095 పౌండ్లు కట్టాలి. ఈ తేడా తెలియకుండా ఆయన నిజాయితీ గురించి మాట్లాడలేం.

కృష్ణా_కెనాల్
నల్లకోటు గారూ, ఆయన ఏ బిరుదుతో పారిపోయాడన్నది కాదు, ఎవర్ని వదిలేసి పారిపోయాడన్నది అడగండి.

థేమ్స్ గారు రాసినదాంట్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు? ‘భార్యతో, ఇద్దరు పిల్లలతో’ అని ఒక్క ముక్క. ఆ భార్య పేరు మేరీ బ్లాక్‌నాల్. తల్లీతండ్రీ లేని పిల్ల, ఆస్తి ఉంది. 1629లో పెళ్లయ్యేనాటికి ఆమెకు పదమూడేళ్లు. మూడో బిడ్డ జాక్‌ని క్లేడన్‌లోనే వదిలేశారని కూడా మీరు రాయలేదు.

జప్తు పడ్డాక దాన్ని ఎత్తేయించడానికి ఇంగ్లండ్ వచ్చిందెవరు? మేరీ. 1646 చివర్లో, కడుపుతో ఉండి. ఆయనొస్తే పట్టుకుంటారు కాబట్టి ఆవిణ్ణి పంపాడు. లండన్‌లో అద్దె గదుల్లో ఉంటూ, అప్పులు చేస్తూ, పార్లమెంటు కమిటీల చుట్టూ, పెద్దమనుషుల గుమ్మాల చుట్టూ తిరిగింది. ఆయన ఫ్రాన్స్‌లోని బ్లువా ఊళ్లో కూర్చుని ఉత్తరాలు రాశాడు. అదీ ఎలా? నేనడిగినవాటన్నిటికీ జవాబు రాయలేదేం అని దెప్పుతూ. 1647 జూన్‌లో క్లేడన్‌లో బిడ్డ పుట్టాడు. ఆ శరదృతువులో బిడ్డ పోయాడు, అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో తండ్రి దగ్గరున్న కూతురు పెగ్ పోయింది. రెండు రాత్రులు ఆవిడ మతి లేకుండా ఏదేదో మాట్లాడింది, దగ్గరివాళ్లను కూడా కొన్నిసార్లు గుర్తుపట్టలేదు. ఇది వాళ్ల మేనమామ డాక్టర్ డెంటన్ రాసిన మాట. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. 1650లో బ్లువాలో ఆవిడా పోయింది.

ఇంటి పెద్దకొడుకు నిజాయితీకి ఖరీదు ఇది. కట్టింది ఆయన కాదు.

మానేరు_వాగు
రెండు పక్షాలూ పెద్దింటి సంగతులే మాట్లాడుతున్నరు. తిరిగొచ్చినంక రాల్ఫ్ చేసిన మొదటి పెద్ద పని ఏంది? 1650ల మధ్యలో మిడిల్ క్లేడన్ ఊరి ఉమ్మడి పొలాలకు కంచెలు వేయించిండు. అంతకుముందు రైతుల చెక్కలు కలిసి ఉండేవి, పశువులు ఉమ్మడిగా మేసేవి. తర్వాత పచ్చికబయళ్లు, పెద్ద కౌళ్లు, ఎక్కువ రాబడి. అప్పులు అట్లా తీరినయి. ఊరోళ్ల మనస్సాక్షిని ఎవరన్న అడిగిండ్రా?

థేమ్స్_తీరం
కృష్ణా గారూ, మీరు చెప్పిన సంఘటనలన్నీ నిజమే. వాటి నుంచి తీసిన తీర్పుతోనే నాకు పేచీ.

మేరీ రావడం ఆయన ఒక్కడి ఎత్తుగడ కాదు. ఆ రోజుల్లో దేశం విడిచిన వాళ్ల తరఫున భార్యలే వచ్చి విజ్ఞప్తులు పెట్టుకునేవారు. ఆడవాళ్ల మాటకు కమిటీల్లో కొంచెం జాలి ఉండేది, అరెస్టు భయం తక్కువ. ఆమె గెలిచింది కూడా. రాజు తరఫున రాల్ఫ్ ఎక్కడా కత్తి పట్టలేదు, దేశంలో లేకపోవడం ఒక్కటే అతని నేరమన్నది ఆమెకు పనికొచ్చిన వాదన. ఎటూ చేరకుండా ఉండటమే చివరికి ఆ ఇంటిని కాపాడింది. తండ్రి దారిలో వెళ్లి ఉంటే? మేనమామల ఇల్లు హిల్స్‌డెన్ క్లేడన్‌కి కొద్ది మైళ్ల దూరం. 1644 మార్చిలో పార్లమెంటు సైన్యం దాన్ని తగలబెట్టింది. తమ్ముడు మన్ 1649లో ఐర్లండ్‌లోని డ్రోహెడాలో చనిపోయాడు, అదీ ప్రాణాలకు మాట ఇచ్చిన తర్వాత చంపారు.

ఇంకో మాట. మేరీ పోయేనాటికి రాల్ఫ్‌కి ముప్ఫై ఆరేళ్లు. ఆ తర్వాత నలభై ఆరేళ్లు బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆమె శవాన్ని సుగంధద్రవ్యాలతో భద్రపరిపించి ఫ్రాన్స్ నుంచి క్లేడన్ దాకా పంపించాడు. వదిలేసినవాడు చేసే పనులా ఇవి?

నల్లకోటు
శీర్షిక ఇంకా మార్చలేదు. ఇంకో సవరణ. కృష్ణా గారు ‘ఆస్తి జప్తు’ అంటున్నారు. మనం జప్తు అంటే పోయినట్టే అనుకుంటాం. ఇక్కడ భూమి యాజమాన్యం పోలేదు, రాబడి మాత్రం కమిటీ చేతికి పోయింది. ఎత్తేశాక మళ్లీ యజమానికే. ఈ తేడా ముఖ్యం.

కృష్ణా_కెనాల్
రాబడి పోతే ఇంట్లో ఉన్న ఆడపిల్లలు తినేది యాజమాన్యమా నల్లకోటు గారూ?

పోయాక గొప్పగా ఊరేగించడం, పాలరాతి బొమ్మ పెట్టడం నాకు లెక్కలోకి రావు. బతికుండగా ఏం చేశారన్నదే లెక్క.

ఇక చెల్లెళ్ల సంగతి. ఎడ్మండ్ అప్పులతో పోయాడు. ఆరుగురు కూతుళ్లలో అప్పటికి పెళ్లయింది ఒక్క కేరీకే. ఆమె మొగుడూ రాజు సైన్యంలో చేరి 1645లో చనిపోయాడు, అత్తగారింట్లో ఆమె బతుకు నరకం. మిగిలిన ఐదుగురూ క్లేడన్‌లో, చుట్టూ సైనికులు. తండ్రి వాళ్ల పేర పెట్టిన రాబడి బట్టల మీద వేసే పన్నులో వాటా. యుద్ధంలో అది సరిగా రాలేదు. కట్నం లేని పిల్లలకు ఎవరు దొరుకుతారు? సూసన్‌కి అప్పులవాళ్లను పెట్టే ఫ్లీట్ జైల్లో ఉన్న పెళ్లాం చచ్చినవాడు దొరికాడు, ఆ జైల్లోనే కాపురం. పెన్‌ని చేసుకున్న బంధువు ఆమెను కొట్టేవాడు. ఇంకో చెల్లెలు పెగ్‌కీ (రాల్ఫ్ కూతురిదీ ఇదే పేరు) మొగుడికీ క్షణం పడేది కాదు. మాల్‌కి ఇంట్లో పనిచేసే మనిషితో కడుపొస్తే కుటుంబం పరువు కోసం తల్లడిల్లింది. ఇన్ని సంసారాలు ఇలా కావడం యాదృచ్ఛికం కాదు. ఇంటిపెద్ద ఊళ్లో లేడు.

నా సంగతి కూడా చెప్తాను, ఎందుకింత కోపమో తెలుస్తుంది. మా పెద్దన్నయ్య విదేశంలో స్థిరపడ్డాడు. అన్యాయాన్ని సహించలేను, ఈ దేశంలో లంచాలు ఇవ్వను అని వెళ్లాడు. నాన్న పోయాక పొలం కాగితాల్లో పేరు మార్పించడానికి ఆఫీసు చుట్టూ తిరిగింది నేను. పని జరగడానికి ఎవరి చేతిలో ఏం పెట్టాలో పెట్టిందీ నేనే. ‘నువ్వు ఇచ్చావా? ఛీ’ అన్నాడు ఫోన్లో. ఆ కాగితాల మీద ఇప్పుడు ఆయన పేరుంది, నా పేరు లేదు. మేరీ కూడా లండన్‌లో పెద్దవాళ్లకి కానుకలు ఇచ్చి పని చేయించుకుంది. చేతులకు మట్టి అంటించుకుంది ఆమె, శుభ్రమైన చేతులు ఆయనవి.

గోదారి_లంక
ఎడ్జ్‌హిల్‌లో తెగిపడిన ఎడ్మండ్ చెయ్యి మాత్రం జెండాకర్ర పట్టుకుని దొరికిందని ఎక్కడో చదివాను, అది నిజమా?

థేమ్స్_తీరం
కుటుంబంలో తరతరాలుగా చెప్పుకునే కథ అది. వేలికి రాజుగారి బొమ్మ ఉన్న ఉంగరం ఉందని, దాన్నిబట్టి పోల్చుకున్నారని చెప్తారు.

కృష్ణా గారూ, మీ అన్నయ్య మీద కోపాన్ని నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి మీద చూపిస్తున్నారు. చరిత్రని అలా చదవకూడదు. రాల్ఫ్ ఎవర్నీ లంచమివ్వమని పంపి తర్వాత ఛీ అనలేదు. ఖర్చులన్నీ ఆయన ఒప్పుకున్నవే. తమ్ముడు టామ్ గురించి ఎందుకు మాట్లాడరు? వర్జీనియా పంపితే తిరిగొచ్చాడు, బార్బడోస్ పంపితే అక్కడా నిలవలేదు. జైలుకెళ్లిన ప్రతిసారీ ‘అన్నా డబ్బు’ అని ఉత్తరం. తొంభై దాటి బతికాడు, తను పోయేదాకా అతనికి భత్యం ఇచ్చింది రాల్ఫే. ఇంట్లో ప్రతివాడికీ పెద్దవాడి డబ్బు కావాలి, పెద్దవాడు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

కృష్ణా_కెనాల్
ఆ చివరి వాక్యం టామ్ గురించేనా?

మానేరు_వాగు
నా ప్రశ్నకు జవాబు రాలేదు. కంచెల సంగతి.

థేమ్స్_తీరం
మానేరు గారూ, కంచెలు నిజం. నేను దాన్ని సమర్థించను. కానీ ఆ పని అప్పట్లో ఇంగ్లండ్ మధ్య జిల్లాల భూస్వాములు చాలామంది చేశారు, వలస వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ. 1643 నిర్ణయానికి అది కొలబద్ద కాదు.

కృష్ణా గారూ, అడిగారు కాబట్టి చెప్తున్నాను. కాదు, టామ్ గురించి మాత్రమే కాదు. నేనూ ఇంటికి పెద్దవాణ్ణే. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లూ నైట్ డ్యూటీల డబ్బుతో చేశాను. అమ్మ హాస్పిటల్ బిల్లు ప్రతిదీ నేనే కట్టాను. అయినా ఇంటికెళ్తే ‘నీకేం, హాయిగా అక్కడ కూర్చున్నావు’ అంటారు. వెళ్లినవాడు సుఖపడ్డాడనే మీరంతా అనుకుంటారు. రాల్ఫ్ ఫ్రాన్స్‌లో స్మిత్ అని మారుపేరు పెట్టుకుని బతికాడు. కూతుర్ని ఆ ఊళ్లో తన కళ్ల ముందే పోగొట్టుకున్నాడు, భార్య పక్కన లేదు. ఆ పిల్ల చావు మీకు మేరీ బాధగా మాత్రమే కనిపించింది. తండ్రి కదా ఆయన?

గోదారి_లంక
ఇద్దరూ కాస్త నెమ్మది.

కృష్ణా_కెనాల్
నెమ్మదిగానే ఉన్నాను. పెగ్ చనిపోయినప్పుడు ఆయన ఏడ్చాడనే నేనూ నమ్ముతాను. మీరు పంపిన డబ్బుని చిన్నచూపు చూడను. కానీ గమనించారా, మీరు చెప్పే ప్రతి సాక్ష్యం డబ్బు. టామ్‌కి డబ్బు, చెల్లెళ్లకు డబ్బు, స్మారకానికి డబ్బు. నేను అడుగుతున్నది వేరు. ఆ పెద్దింట్లో జాక్ అనే పిల్లవాణ్ణి అత్తల దగ్గర వదిలేస్తే, 1647లో మేరీ వెళ్లి చూసేసరికి కాళ్లు వంకరపోయి ఉన్నాయి. రికెట్స్, ఎముకలు మెత్తబడే జబ్బు. ఫ్రాన్స్‌లో ఉన్న నాన్న దగ్గరికి వెళ్తానని ఆ పిల్లాడి గోల. ఏడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఇది మేరీ స్వయంగా రాసింది. ఎవరైనా అక్కడ ఉండాల్సింది. నా మాట అంతే. ఉండాల్సింది.

థేమ్స్_తీరం
ఉండాలంటే సంతకం పెట్టాలి. దేవుడి మీద ప్రమాణం చేసి, నమ్మని మాట చెప్పాలి. అప్పటి మనిషికి అది కాగితం మీద గీత కాదు, ఆత్మకు సంబంధించిన విషయం. తమ్ముడు మన్ ‘నువ్వు రాజుకి ఎదురు నిలిచావు, రాజు పవిత్రుడు’ అని ఉత్తరం రాస్తే సహించాడు. పార్లమెంటు మిత్రులు బతిమాలినా వినలేదు. 1655లో అప్పటి పాలకుడు క్రామ్‌వెల్ మనుషులు పట్టుకెళ్లి లండన్‌లోని సెయింట్ జేమ్స్ రాజభవనంలో నెలల తరబడి పెట్టారు. రాజు మనిషని వాళ్ల అనుమానం. రాజు తరఫు వాళ్లకేమో పార్లమెంటు మనిషి. ఇన్ని వైపుల నుంచి దెబ్బలు తిన్నవాణ్ణి బాధ్యత లేనివాడంటే ఒప్పుకోను.

మేరీ గురించి ఇంకోటి. పుట్టబోయే బిడ్డ మగపిల్లాడైతే నా పేరు మాత్రం పెట్టొద్దు, అది అచ్చిరాని పేరని రాల్ఫ్ రాశాడు. నీ పేరే పెట్టాలని నిశ్చయించుకున్నానని ఆవిడ తిరిగి రాసింది, పెట్టింది. అడ్డంగా వాడుకున్న మొగుడి పేరు బిడ్డకు ఎవరైనా పట్టుబట్టి పెట్టుకుంటారా? ఆవిడ ఆ నిర్ణయంలో భాగస్వామి. మీరు ఆవిణ్ణి బాధితురాల్ని మాత్రమే చేస్తున్నారు. ఆవిడ తెలివినీ పట్టుదలనీ మీరే తక్కువ చేస్తున్నారు.

నల్లకోటు
మన్ ఉత్తరంలో ఆ వాదన బైబిల్ వాక్యం మీద ఆధారపడింది, అభిషిక్తుణ్ణి తాకవద్దని. న్యాయపరంగా పార్లమెంటు వాదన వేరు. రాజు పదవి వేరు, రాజు మనిషి వేరు అని వాళ్లు విడదీశారు. బారోనెట్ విషయంలో కూడా ఇదే తర్కం: 1661లో బిరుదు ఇచ్చింది కొత్త రాజు, ఏ రాజుకి వ్యతిరేకంగా కూర్చున్నాడో ఆయన కొడుకు. దీన్ని ఎవరూ ప్రశ్నించలేదేం?

మానేరు_వాగు
నేను ప్రశ్నిస్త. రెండు పడవల్ల కాళ్లు పెట్టినోడికి చివరికి రెండు దిక్కులా లాభమే వచ్చింది. ముందుగాల పార్లమెంటు సీటు, ఆఖరుకు రాజు ఇచ్చిన బిరుదు. 1680లల్ల బకింగ్‌హమ్ నుంచి మళ్ల ఎంపీ.

థేమ్స్_తీరం
మధ్యలో పదేళ్ల వలస. భార్య, ఇద్దరు పిల్లలు పోయారు. దాన్ని లాభమంటారా?

కృష్ణా_కెనాల్
మేరీ విషయంలో మీరు చెప్పింది బాగుంది. ఆవిడ పట్టుదల నాకూ ఇష్టం, ఆ పేరు సంగతి తలుచుకుంటే ఇంకా ఇష్టం. ఆవిడ ఆయన్ని ప్రేమించింది, ఒప్పుకుంటాను. ప్రేమించింది కాబట్టి ఆయన చేసింది సరైపోదు.

ఇంతకుముందు ఐదుగురు చెల్లెళ్ల గురించి రాశాను. మీరు టామ్ గురించి రాశారు, జైలు గురించి రాశారు, బిడ్డ పేరు గురించి రాశారు. సూసన్ గురించి ఒక్క ముక్క లేదు. మేరీకైనా సరే అనో కాదనో చెప్పే చోటు ఉంది. అప్పులవాళ్ల జైల్లో కాపురం పెట్టిన పిల్లను ఆ ప్రమాణం గురించి ఎవరు అడిగారు?

థేమ్స్_తీరం
సూసన్ పెళ్లి 1646లో. క్లేడన్ జప్తులో పడిన ఏడాదే. లేని డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చి కట్నం ఇస్తాడండీ?

కృష్ణా_కెనాల్
జప్తు ఎందుకు పడింది?

థేమ్స్_తీరం
సంతకం పెట్టకుండా వెళ్లిపోయినందుకు. తెలుసు, మీరు అక్కడికే లాక్కొస్తారని. అయినా నేను అతని స్థానంలో ఉంటే పెట్టను. ఇప్పటికీ పెట్టను.

కృష్ణా_కెనాల్
నేనైతే పెడతాను. పెట్టి, ఆ పాపం నెత్తిన వేసుకుని క్లేడన్‌లోనే ఉంటాను. ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలున్నారు, నడవలేని ఒక పిల్లాడున్నాడు.